బండి దారిలో ఉంది

ముప్పై నాలుగు. సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు టీచరమ్మ ఛాతీ ముప్పై నాలుగుసార్లు ఎగిసిపడింది. ఎక్కడో ఒకటి రెండు ఎక్కువ లెక్కపెట్టి ఉంటానులే అనుకుని ఆయా మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ముప్పై ఆరు వచ్చింది. మూడోసారి లెక్కపెట్టడానికి ధైర్యం చాలక చూపు గడియారం మీది నుంచి కిటికీ మీదికి మళ్ళించింది. మూడు దాటి ఏడు నిమిషాలు. ప్లీడరు నాలుగింటికి వస్తానన్నాడు. ఊపిరి నిమిషానికి ముప్పై దాటినా, పాదాలు వాచినా, పడుకోలేక లేచి కూర్చున్నా ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకు, వెంటనే ఆస్పత్రి బండి పిలువు, ఎనభై రెండేళ్ళ గుండె, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందంటే ఇంట్లో చేసేదేమీ ఉండదు అని చెప్పి డాక్టరు ఆ బండి నంబరు కూడా రాసిచ్చాడు. ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. దాని అవసరం కూడా లేదు, నిద్రలో లేపి అడిగినా ఆయా ఆ నంబరు గడగడా చెప్పగలదు. ఫోను ఒళ్ళోనే ఉంది. పాదాలు వాచాయి. టీచరమ్మ పడుకోలేక లేచి కూర్చుంది. డాక్టరు చెప్పిన మూడూ ఉన్నాయి.

“బండి పిలిచావా పిల్లా?”

“పిలిచానమ్మా. దారిలో ఉంది.”

తడుముకోకుండా ఎలా వచ్చిందో ఆ అబద్ధం. నిజానికి పిలుద్దామనే అనుకుంది, వేలు అంకెల మీదికి వెళ్ళింది కూడా. కానీ సరిగ్గా ఆ క్షణంలోనే టీచరమ్మ ఇంకో మాట అంది. ప్లీడరు రేపు వస్తాడులే, ముందు బండి పిలువు అంది. రేపు. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది. పదకొండేళ్ళ నుంచి ఈ ఇంట్లో ఆ రేపు తిని, ఆ రేపు కప్పుకుని పడుకుంటోంది ఆయా. నీకేం పిల్లా, ఈ ఇల్లు నీ పేరునే రాస్తా, రేపు ప్లీడరుని పిలుస్తా. ఎండలు తగ్గాక పిలుస్తా. వానలు తగ్గాక పిలుస్తా. ఈ కళ్ళజోడు మార్పించాక పిలుస్తా, ఏం రాస్తున్నానో చదువుకోవద్దూ. మొదటి మూడేళ్ళు నెల నెలా జీతం చేతిలో పెట్టేది, ఆ తర్వాత ఒకరోజు పకపకా నవ్వి, నీ ఇంట్లో నువ్వు పనిచేసుకోవడానికి నువ్వే జీతం తీసుకుంటావుటే అంది. ఆ మాటకు ఆయా కూడా నవ్వింది. నవ్వు ఆగాక ఆలోచిస్తే జీతం ఆగిపోయిందని అర్థమైంది. తిండి, బట్ట, చేతి ఖర్చుకి కొంత. మిగిలిందంతా గోడల్లో దాచుకుంటున్నాననుకుంది. రెండు గదులు, వంటిల్లు, వీధి వైపు వరండా, మెట్లెక్కి రావాల్సిన రెండో అంతస్తు. అరచేతిలో వైకుంఠం అంటారు గానీ తనకి చూపించింది అంత కూడా కాదు, ఒక వరండా, దాని మీద సాయంత్రం పూట పడే కాస్త ఎండ.

దిండ్లు సరిచేసింది. వెనక రెండు, ముందు చిన్న బల్ల మీద ఒకటి, ఆ దిండు మీద మోచేతులు ఆనించి టీచరమ్మ ముందుకు వంగి కూర్చునేలా, కాళ్ళు మంచం మీంచి కిందికి వేలాడేలా. ఇలా కూర్చోబెడితే నీరు కిందికి దిగి ఊపిరి కాస్త తేలికవుతుందని నర్సింగ్ హోములో పనిచేసినప్పుడు పెద్ద నర్సు చెప్పింది. ఈ పనిలో తనని మించినవాళ్ళు లేరని ఆయాకి తెలుసు. పదకొండేళ్ళలో ఈ వీపు మీద ఒక్క పుండు పడనివ్వలేదు, రెండు గంటలకోసారి పక్క మార్చింది, చర్మం ఎక్కడ ఎర్రబడితే అక్కడ వేళ్ళతో రాసి రక్తం ఆడించింది. రెండుసార్లు ఇదే ఆయాసాన్ని ఇవే దిండ్లతో, నీరు తీసే మాత్రతో, ఆక్సిజన్ బుడ్డితో గట్టెక్కించింది. ఇప్పుడూ గట్టెక్కిస్తుంది. ఎంతసేపని, యాభై నిమిషాలు. బుడ్డి మీది మీటరులో ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది, అయినా యాభై నిమిషాలకి సరిపోతుంది, చాలకపోతే కాస్త తగ్గించి వదలొచ్చు. ప్లీడరు వస్తాడు, చెయ్యి వణికినా ఇంటి కాగితం మీద బొటనవేలి ముద్ర వేయిస్తాడు, నాలుగుంపావుకి బండి పిలుస్తుంది. అంతే కదా. అసలు ఇది నిజం ఆయాసమేనా? పోయిన సంవత్సరం ఇలాగే ప్లీడరు మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే గుండె పట్టుకుని వాలిపోయింది. ఆయన కంగారుపడి కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఇంకా సందు మలుపు తిరిగాడో లేదో, ఆ డబ్బాలో బిస్కెట్లు రెండు ఇలా తే పిల్లా అంది. ఆయా పళ్ళెంలో రెండు కాదు, నాలుగు పెట్టి తెచ్చింది. టీచరమ్మ తల దించుకుని తింటూ, సంతకం పెట్టేశాక నన్నెవరు చూస్తారే అని గొణిగింది. ఆయా నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. అప్పుడే ఒక మాట చెప్పి ఉండాల్సింది. నేను చూస్తానమ్మా అని. ఇంత చిన్న మాట నోట్లోంచి ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. బహుశా చూస్తానో లేదో తనకే తెలియక.

కానీ నోటితో నటించొచ్చు, పాదాలతో నటించలేరు. ఆయా వంగి టీచరమ్మ చీలమండ మీద వేలు నొక్కి తీసింది, గుంట అలాగే ఉండిపోయింది. కాసేపు ఆ గుంట వంకే చూసింది. నిండితే పిలవక్కర్లేదు అనుకుంది, ఎంత వెర్రి మాట, ఎందుకు అనుకుందో. గుంట నిండలేదు. టీచరమ్మ వేళ్ళు దిండు మీద టకటకా ఆడుతున్నాయి. అవి ఊరికే ఉండవు, ఒకప్పుడు ఈ ముందు గదిలో పన్నెండు టైపు మిషన్లు ఉండేవిట, ఊళ్ళో సగం ఆఫీసుల్లో ఆవిడ శిష్యులే, ఆ ప్లీడరు కూడా ఇక్కడే నేర్చుకున్నాడు. మిషన్లు పాత ఇనుముకి పోయినా వేళ్ళు మానలేదు, మనసులో ఏదన్నా ఉంటే దుప్పటి మీద కొట్టేస్తాయి. ఆయాకి టైపు రాదు. ఏం రాస్తున్నారమ్మా అని అడిగితే, నీ పనికి మార్కులు వేస్తున్నానే అనేది. ఇప్పుడు ఏం కొడుతోందో. ఒకే మాట మళ్ళీ మళ్ళీ కొడుతున్నట్టు ఉంది.

పిలిస్తే ఏమవుతుందో ఆయాకి తెలుసు, అందుకే పిలవలేదు, ఇందులో దాచడానికేముంది. రెండేళ్ళ క్రితం పిలిచింది. బండి వచ్చింది, తెల్లబట్టల వాళ్ళిద్దరు స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు, ఆస్పత్రిలో మొట్టమొదట అడిగిన మాట, మీరు ఈమెకి ఏమవుతారు అని. ఏమవుతుంది? ఒంటికి నలుగు పెట్టి, ముద్ద కలిపి నోట్లో పెట్టి, ఒళ్ళు కడిగి, రాత్రి దగ్గితే పక్క గదిలోంచి లేచి వచ్చే మనిషిని ఏమంటారో ఆ ఫారంలో గడి లేదు. సాయంత్రానికల్లా టీచరమ్మ తమ్ముడి కొడుకు దిగాడు. సంవత్సరానికి ఒకసారి పండ్ల బుట్టతో వచ్చే మేనల్లుడు. ఫారంలో ఆయనకి గడి ఉంది. అత్తయ్యా అత్తయ్యా అంటూ మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు, ఆయాలు బయట ఉండాలండీ అని నర్సుకి చెప్పి తనని బయటికి పంపించాడు, ఇంటి తాళాలు అడిగి తీసుకున్నాడు. తొమ్మిది రోజులు నడవాలో బెంచీ మీద కూర్చుంది. తలుపు అద్దంలోంచి చూస్తుంటే టీచరమ్మ వీపు మీద దుప్పటి ముడత పడి ఉండేది, లోపలికి వెళ్ళి లాగి సరిచేద్దామంటే రానివ్వరు. తిరిగొచ్చాక ఆ వీపు మీద రూపాయంత ఎర్ర మచ్చ. అది మానడానికి నెల పట్టింది. కాగితాలు తెచ్చాడే వాడు, చెయ్యి వణుకుతోంది, సంతకం పెట్టలేనన్నాను అని టీచరమ్మ గొప్పగా చెప్పుకుంది. ఈసారి వణుకుతోందంటే వాడు వింటాడా? ఈసారి వెళ్తే తిరిగి వస్తుందా? తిరిగి రాకపోతే ఈ ఇల్లు, వరండా, పదకొండేళ్ళు, అన్నీ కలిపి పండ్లబుట్ట వాడివి. చాకిరీ ఒకరిది, సొత్తు ఇంకొకరిది.

మూడున్నర అయింది. ఎదురింటి మేడ మీద ఎవరో బట్టలు దులిపి ఆరేస్తున్నారు, ఆ దులుపుడు శబ్దం ఒక్కొక్కటీ ఇక్కడి దాకా వస్తోంది. అమ్మ కూడా అలాగే దులిపేది, చీర అంచు చెంప మీద కొట్టినట్టు చప్పుడయ్యేది. అమ్మకి బాగోలేదు, ఇవాళో రేపో అన్నట్టుంది అని చెల్లెలు ఫోను చేసిన వారం ఈ మేనల్లుడు ఇక్కడే మకాం వేసి ఉన్నాడు. ఆస్పత్రి సంగతికి ముందు సంవత్సరం అది. రాత్రులు అత్త మంచం పక్కన కూర్చుని చిన్నప్పటి కబుర్లు చెప్పేవాడు, ఆవిడ కరిగిపోయేది. తను నాలుగు రోజులు వెళ్తే వచ్చేసరికి ఇల్లు ఉండదనిపించింది. సోమవారం వెళ్తానంది. వాడు సోమవారం కదలలేదు. బుధవారం అంది. గురువారం వాడు బస్సెక్కాడు, ఆ వెనక బస్సుకే తను వెళ్ళింది, వెళ్ళేసరికి చెల్లెలు గుమ్మంలో చీపురుతో నిలబడి ఉంది, ఇల్లు కడిగేశారు. కన్నతల్లి కంటే ఆ ముసలమ్మే నీకు ఎక్కువైందా అక్కా అంది. కాదే, ముసలమ్మ కాదు, ఇల్లు ఎక్కువైంది అని చెప్పాలి నిజానికి. చెప్పలేదు. ముసలమ్మని అడ్డం పెట్టుకుని మంచిదాన్ని అనిపించుకుంది. పాపం, ఆవిడని వదిలి రాలేకపోయిందట అని చుట్టుపక్కల వాళ్ళు అంటుంటే తల ఊపింది.

పిల్ల కోసమే కదా ఇదంతా. అలాగే మొదలైంది. ఇంట్లో పిల్లల గోల నాకు పడదు అని టీచరమ్మ మొదటిరోజే చెప్పింది కాబట్టి పదకొండేళ్ళ కూతుర్ని చెల్లెలి దగ్గర వదిలింది. రెండేళ్ళు ఓర్చుకో తల్లీ, మనకో ఇల్లు వస్తుంది అంది. పిల్ల రెండేళ్ళు ఓర్చుకుంది. మూడో ఏడు పిన్నిని అమ్మా అని పిలవడం మొదలుపెట్టింది, చెల్లెలు నొచ్చుకుంటూ చెప్తే ఆయా నవ్వేసింది, పిలవనీలే, ఎవరైతేనేం అంది. ఇప్పుడు దానికి ఇరవై రెండు, బట్టల దుకాణంలో కాజాలు కుడుతుంది. పోయిన నెల వెళ్ళి, ఇంకెంతో కాలం లేదే, వరండాలో నీకు మిషను వేసిస్తా, వెలుతురు బాగా వస్తుంది అని చెబితే దారం కొరికి తెంపి, ఎవరు పోవాలని చూస్తున్నావే అంది. కోపంగా కూడా కాదు. టైము ఎంతైంది అని అడిగినట్టు అడిగింది. ఎవరు పోవాలని? ఎవరూ పోవాలని కాదే. కానీ మొన్న ఈ గది తుడుస్తూ తుడుస్తూ, మంచం తీసేస్తే ఇక్కడ రెండు మిషన్లు పడతాయి అని జానలతో కొలిచింది. కొలుస్తుంటే వెనక నుంచి టీచరమ్మ, ఏం కొలుస్తున్నావే అంది. పరుపు గుడ్డ కుట్టిద్దామనమ్మా అంది. మంచి మెత్తటిది కుట్టించు అంది టీచరమ్మ.

“ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కో పిల్లా...”

ఒక్కో మాటకీ మధ్య రెండు ఊపిరులు. ఆయా ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ఏ నంబరూ నొక్కలేదు. ఆ, ఎక్కడున్నారు, ఆ, తొందరగా రండి అని గాలికి చెప్పింది. ఈ పాడు నాటకం తను ఆడుతోందని తనకే నమ్మకం కలగడం లేదు, ఎవరో ఆడుతుంటే చూస్తున్నట్టుంది. ఒక్క పది నిమిషాలమ్మా అంది. టీచరమ్మ తల ఊపింది. పెద్దవాళ్ళ మాట వినే చిన్నపిల్లలా ఊపింది. మెడ దగ్గర నరం తాడులా పైకి తేలి కొట్టుకుంటోంది, పెదవుల చుట్టూ నేరేడు పండు తిన్నట్టు నలుపు దిగుతోంది. నలభై రెండు. ఈసారి తప్పు లెక్క కాదు. ఆయా లేచింది. కూర్చుంది. మూడు అంకెలు నొక్కింది. సరిగ్గా అప్పుడే ఆ ఫోనే మోగింది, ప్లీడరు. కాగితాలు జిరాక్సు తీయిస్తున్నాను, సాక్షులిద్దరూ నాతోనే ఉన్నారు, వచ్చేస్తున్నాం, ఇంకోసారి వాయిదా అనకండమ్మా తల్లీ అన్నాడు. అననండీ అంది. ఫోను పెట్టేశాక ఆ మూడు అంకెలు తెరమీద లేవు. మళ్ళీ మొదటి నుంచి నొక్కాలి. ఇక ఎంతసేపు, వచ్చేస్తున్నాడు కదా. నోటి దాకా వచ్చిన ముద్ద. ఇప్పుడు పిలిస్తే బండీ ప్లీడరూ గుమ్మంలో ఎదురుపడతారు, స్ట్రెచర్ వాళ్ళు ఆగుతారా? టీచరమ్మ చెయ్యి తీసుకుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది, చల్లగా, చెమటగా ఉంది. ఈ చేతికి గోళ్ళు ప్రతి ఆదివారం తనే తీస్తుంది. తన తల్లి గోళ్ళు ఎలా ఉండేవో గుర్తు తెచ్చుకోబోయింది, రాలేదు. ఈ ఒంటి మీద పుట్టుమచ్చలు ఎన్నున్నాయో చెప్పగలదు, కన్నకూతురి ఒంటి మీద చెప్పలేదు. ఇష్టం లేకుండానే ఇంత తెలుస్తుందా ఒక మనిషి గురించి? ఇష్టం ఉంటే ఇలా కూర్చోగలదా? రెండూ నిజమే అయితే తనలాంటి మనిషిని ఏమనాలి?

బెల్లు మోగింది. నాలుగుకి ఎనిమిది నిమిషాలు తక్కువ. ఆ మోతకి టీచరమ్మ తల ఎత్తింది, ఆ నల్లబడ్డ మొహంలోకి ఎక్కడి నుంచో ఒక వెలుగొచ్చింది, ఆయా ఇన్నేళ్ళలో ఆ మొహంలో అంత సంతోషం చూడలేదు.

“వచ్చింది. నువ్వు పిలిస్తే రాదూ... ఎత్తు పిల్లా, ఎత్తు” అని రెండు చేతులూ చాచింది. రోజూ స్నానానికి తీసుకెళ్ళేటప్పుడు చాచినట్టే, మెడ చుట్టూ వేయడానికి. ఆయా తలుపు తీసింది. ప్లీడరు సంచీతో, ఒక చేతిలో సిరా డబ్బీతో నిలబడి ఉన్నాడు, సాక్షులు కింద టీ తాగి వస్తున్నారమ్మా, ముందు మనం వేలిముద్ర వేయించేద్దాం అన్నాడు. ఆయా వెనక్కి తిరిగి చూసింది. టీచరమ్మ చేతులు ఇంకా చాచే ఉన్నాయి. అవి గాలిలో వణుకుతున్నాయి, అయినా దించడం లేదు. అబద్ధాన్ని నమ్మి చాచిన చేతులు. ఆయా ప్లీడరు వైపు తిరిగింది.

“మీ కారు కింద ఉందా?” అంది.

“ఉంది, కానీ ముందు కాగితం...”

ఆ మాట పూర్తయ్యేలోగా గదిలోకి వెళ్ళి వంగింది, టీచరమ్మ చేతులు మెడ చుట్టూ పడ్డాయి, ఒకటీ రెండూ మూడూ అని రోజూ లాగే లెక్కపెట్టి ఎత్తింది. బరువే లేదు. అన్ని కేజీల నీరు ఒంట్లో పెట్టుకుని కూడా బరువే లేదు. ఆక్సిజన్ గొట్టం ఊడిపోయింది, చెప్పుల కోసం ఆగలేదు. ప్లీడరు పక్కకి ఒత్తిగిలి దారి ఇచ్చి, ఆయాగారూ ఒక్క నిమిషం పని, ఇంతసేపూ దీనికోసమే కదా అంటూ వెనకాలే దిగుతున్నాడు. అవును, దీనికోసమే. మొదటి మెట్లవరస దిగుతుంటే మెడ మీద వేడిగా, తొందర తొందరగా ఊపిరి తగులుతోంది. కాస్త ఓపిక పట్టమ్మా, వచ్చేశాం. మలుపులో గోడకి భుజం ఆనించి పట్టు సరిచేసుకుంది. అబద్ధం చెప్పానమ్మా, ఇప్పుడు నిజంగా తీసుకెళ్తున్నా, ఏ గదిలోకి రానివ్వకపోయినా తలుపు దగ్గరే ఉంటా, వాడికి తాళాలు ఇచ్చేస్తా, అన్నీ ఇచ్చేస్తా, ఊపిరి తియ్యి, నువ్వు ఊపిరి తియ్యి చాలు. ఇదంతా పైకి అంటోందో లోపలే అనుకుంటోందో తెలియదు. రెండో వరసలో మెడ చుట్టూ పట్టు వదులైంది. మెడ మీద వేడి కూడా తగలడం లేదు. పని నేర్చిన మనిషి కాబట్టి ఆయాకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అయినా చివరి మెట్టు దాకా మోసింది, అక్కడ కూర్చుని టీచరమ్మని ఒళ్ళో పెట్టుకుంది.

ప్లీడరు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎంతైనా పాఠం చెప్పిన మనిషి. తర్వాత వీధి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “నీ మంచికే చెబుతున్నా ఆయమ్మా. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. సాక్షులు నా మనుషులే. ఆవిడ ఇవ్వాలనుకున్నదే కదా, ఇందులో పాపమేముంది? తెల్లారితే వాడొచ్చి నిన్ను వీధిలో నిలబెడతాడు.” అంతా నిజమే, ఒక్క మాట కూడా తప్పు కాదు. సిరా డబ్బీ మూత తీసి ఉంది. ఆయా టీచరమ్మ చెయ్యి పట్టుకుంది, వేళ్ళు ఒక్కొక్కటే లోపలికి మడిచింది, బొటనవేలు అన్నిటికన్నా ముందు మడిచి మీద మిగతావి మూసింది, ఆ పిడికిలి మీద తన చెయ్యి పెట్టింది. రెండో చేత్తో ఫోను తీసి, మూడింటి నుంచీ నొక్కని ఆ నంబరు ఒక్కొక్క అంకే నొక్కింది. రెండు మోతలకే ఎత్తారు. ఇంత తొందరగా ఎత్తుతారా అనుకుంది.

“చెప్పండమ్మా. పేషెంటుకి ఏమైంది?”

“ఆయాసం.”

“ఎప్పుడు మొదలైంది?”

“మూడింటికి.”

“మూడింటికా? ఇప్పుడు నాలుగైంది కదమ్మా! ఇంతసేపూ ఏం చేస్తున్నారు?”

“పక్కనే కూర్చున్నాను” అంది ఆయా.